మూడు వేల పౌండ్ల సంతకం

1953వ సంవత్సరం. వేల్స్ దేశంలోని రేవు నగరమైన కార్డిఫ్‌లో, ఏంజెలీనా వీధిలోని ఒక సామాన్య కుటుంబం ఇంటికి ఉత్తర ఇంగ్లండు నుంచి కొందరు పెద్దమనుషులు వచ్చారు. వారు విగన్ రగ్బీ లీగ్ క్లబ్బు ప్రతినిధులు. ఆ ఇంటి పద్దెనిమిదేళ్ల యువకుణ్ణి తమ జట్టుకు ఒప్పించి తీసుకొనిపోవడం వారి ఉద్దేశం. వట్టి మాటలతో పని జరగదని తెలిసినవారు కాబట్టి వెయ్యి పౌండ్ల నోట్లను బల్ల మీద పరిచారు. యువకుడు అంగీకరించలేదు. వచ్చినవారిని నొప్పించకుండా సాగనంపడానికి అతని తల్లి ఒక ఉపాయం పన్నింది. మూడు వేల పౌండ్లు ఇస్తే తన కుమారుడు సంతకం చేస్తాడన్నది. అంత సొమ్ము ఇవ్వలేక వారే వెళ్లిపోతారని ఆమె ఊహ. కాని వారు సరేనన్నారు. అడిగిన ధర ఇస్తామన్న తరువాత మాట వెనక్కు తీసుకోవడానికి వీలు లేకపోయింది. ఆ యువకుడు సంతకం చేశాడు. అతని పేరు బిల్లీ బోస్టన్.

మూడు వేల పౌండ్లంటే ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఒక మామూలు ఇల్లు కొనుక్కొని ఇంకా కొంత మిగుల్చుకోదగిన మొత్తం. పదకొండు మంది పిల్లలున్న ఇంటికి అది తక్కువ భాగ్యమేమీ కాదు. అయినా ఆ యువకుడు ఎందుకు వద్దన్నాడు? ఆ సంతకంతో అతడు ఏమి పొందాడో అందరికీ తెలుసు. ఏమి పోగొట్టుకున్నాడో తెలియాలంటే రగ్బీ ఆట రెండుగా చీలిన కథ కొంత తెలుసుకోవాలి.

పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో రగ్బీ మొదట సంపన్నుల పాఠశాలల ఆట. క్రమంగా అది ఉత్తర ప్రాంతాలైన యార్క్‌షైర్, లాంకషైర్‌లకు పాకి బొగ్గుగనుల కార్మికులకు, నూలుమిల్లుల కూలీలకు ప్రాణప్రదమైంది. ఆటలు జరిగేది శనివారం నాడు. కార్మికులకు శనివారం కూడా పనిదినమే. మైదానంలోకి దిగినవాడికి ఆనాటి కూలి పోతుంది. ఎముక విరిగితే అనేక వారాల కూలి పోతుంది. పోయిన కూలినైనా చెల్లించడానికి అనుమతి ఇమ్మని ఉత్తరాది క్లబ్బులు కోరాయి. ఆట ఔత్సాహికంగానే సాగాలనీ, ధనం ముట్టుకుంటే క్రీడ మైలపడుతుందనీ 1893లో రగ్బీ యూనియన్ పెద్దలు ఆ కోరికను తోసిపుచ్చారు. ఔత్సాహికత అనే మాట వినడానికి పవిత్రంగానే ఉంటుంది. శనివారం కూలి లేకపోతే ఆ వారమంతా అప్పుతో ఇల్లు గడపవలసినవాడికి మాత్రం ఆ పవిత్రత చాలా ఖరీదైనది.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై యూనియన్ నుంచి విడిపోయారు. పని పోగొట్టుకున్న ఆటగాడికి రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వాలన్నది వారి తొలి నిర్ణయాలలో ఒకటి. అదే తరువాత రగ్బీ లీగ్ అయింది. కాలక్రమాన ఆట తీరు కూడా మారింది. 1906లో జట్టుకు పదిహేనుగురికి బదులు పదమూడుగురే ఆడాలని నిర్ణయించారు. బంతి పట్టుకొని పరుగెత్తే ఆటగాణ్ణి ప్రత్యర్థులు పట్టి నేలకూల్చడాన్ని ట్యాకిల్ అంటారు. కూతకు వచ్చినవాణ్ణి కబడ్డీలో పట్టు పట్టినట్లే ఉంటుంది. కూలినవాడు లేచి, బంతిని కాలితో వెనుకకు తోసి, ఆటను తిరిగి సాగిస్తాడు. బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి నేలకు ఆనిస్తే అది ట్రై. బోస్టన్ కాలంలో ట్రైకి మూడు పాయింట్లు.

ఈ చీలికతో రగ్బీ యూనియన్ ఒక కఠిన శాసనం విధించుకున్నది. లీగ్ క్లబ్బు నుంచి పైకం పుచ్చుకున్నవాడు ఇక జీవితంలో యూనియన్ ఆట ఆడరాదు. అది ఒక విధమైన వెలి. వేల్స్‌లో యూనియన్ రగ్బీ జాతీయ క్రీడ. కార్డిఫ్ నగరం నడిబొడ్డున ఉన్న ఆర్మ్స్ పార్క్ మైదానంలో వేల్స్ తరఫున ఆడాలన్నది ఆ దేశంలో బంతి పట్టిన ప్రతి బాలుడి కల. బోస్టన్ కలా అదే. ఆ సంతకం ఆ కలకు శాశ్వతంగా తలుపు మూసింది.

అయితే ఆ తలుపు అతనికి అంతకు ముందు నిజంగా తెరిచి ఉన్నదా అన్నది వేరే ప్రశ్న.

బిల్లీ బోస్టన్ 1934 ఆగస్టు 6న కార్డిఫ్ రేవును ఆనుకొని ఉన్న బ్యూట్‌టౌన్‌లో జన్మించాడు. ఆ పేటకు టైగర్ బే అని వాడుక పేరు. తండ్రి పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్ నుంచి వచ్చిన నావికుడు. తల్లి ఐరిష్ సంతతికి చెందిన కార్డిఫ్ స్త్రీ. వేల్స్ లోయల బొగ్గును ప్రపంచమంతటికీ ఎగుమతి చేసిన రేవు అది. అందుచేత సోమాలీలు, యెమెనీలు, వెస్టిండియన్లు, భారతీయ నావికులైన లస్కర్లు, ఇంకా ఎందరెందరో ఆ పేటలో స్థిరపడ్డారు. చర్చి, మసీదు ఇరుగుపొరుగుగా ఉన్న పేట అది. లోపల సామరస్యం ఉన్నది గాని, వెలుపలి నగరం దానిని చూసే చూపు వేరు. 1919 జూన్‌లో కార్డిఫ్‌లో చెలరేగిన జాతివైర అల్లర్లలో ఈ పేటవాసులపై దాడులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. బోస్టన్ తల్లిదండ్రుల తరంవారికి అది పాత చరిత్ర కాదు.

పిల్లవాడు ఆ పేట జట్టయిన కార్డిఫ్ ఇంటర్నేషనల్ అథ్లెటిక్ క్లబ్బులో ఆడాడు. నీత్ క్లబ్బు తరఫునా కొన్ని ఆటలు ఆడాడు. కాని నగరపు పెద్ద క్లబ్బయిన కార్డిఫ్ నుంచి అతనికి పిలుపు రాలేదు. ఇంటికి ఒక మైలు దూరంలో ఉన్న క్లబ్బుకు కనిపించని ప్రతిభ రెండు వందల మైళ్లకు దగ్గరి దూరాన ఉన్న విగన్‌కు ఎట్లా కనిపించింది? నిర్బంధ సైనిక సేవలో భాగంగా బోస్టన్ రాయల్ సిగ్నల్స్ దళంలో చేరి, యార్క్‌షైర్‌లోని కాటరిక్ శిబిరానికి వెళ్లాడు. అది లీగ్ క్లబ్బుల ముంగిలి వంటిది. సైనిక జట్టులో అతని పరుగు చూసిన ఉత్తరాది క్లబ్బుల పరిశీలకులు వెంటపడ్డారు. 1953 సైనిక కప్పు తుదిపోటీలో అతడు ఒక్కడే ఆరు ట్రైలు చేశాడు.

కార్డిఫ్ పెద్దలు వర్ణాన్ని చూసి తిరస్కరించామని ఎక్కడా వ్రాసిపెట్టలేదు. అటువంటివి ఎవరూ వ్రాసిపెట్టరు. కాని వేల్స్ యూనియన్ జాతీయ జట్టులో నల్లజాతి సంతతి ఆటగాడు కనిపించడానికి 1980ల దశకం వరకు పట్టింది. ఆ మధ్యకాలంలో కార్డిఫ్ వీధుల నుంచి ఉత్తరాది లీగ్ క్లబ్బులకు వెళ్లి ప్రసిద్ధులైన నల్లజాతి ఆటగాళ్లు బోస్టన్ గాక మరికొందరు ఉన్నారు. ఆ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆదిపర్వంలోని కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టం చదివినవారికి ఇక్కడ కర్ణుడు జ్ఞాపకం రాక మానడు. విలువిద్య చూపడానికి వచ్చినవాణ్ణి కులగోత్రాలు చెప్పమన్న సభ అది. పోలిక అంతవరకే. అంగరాజ్యం ఇచ్చినవాడు కర్ణుని ఋణగ్రస్తుణ్ణి చేసుకున్నాడు. విగన్ ఇచ్చిన మూడు వేల పౌండ్లను బోస్టన్ కొద్దికాలంలోనే ఎన్నో రెట్లుగా తీర్చివేశాడు.

విగన్ లాంకషైర్‌లోని బొగ్గుగనుల పట్టణం. 1937లో వెలువడిన జార్జ్ ఆర్వెల్ గ్రంథం ద్వారా ఆ ఊరి దారిద్ర్యం లోకానికి తెలిసింది. ఆ ఊరివారికి మాత్రం తమ పేదరికం కంటె తమ రగ్బీ జట్టు ప్రసిద్ధమైనది. కార్డిఫ్ కుర్రవాళ్లను తెచ్చుకోవడం వారికి కొత్త కూడా కాదు. 1921లో కార్డిఫ్ నుంచి వచ్చిన జిమ్ సలివాన్ పాతికేళ్లపాటు అక్కడే ఆడి ఆ క్లబ్బు చరిత్రలో నిలిచిపోయాడు. బోస్టన్ మొదటిసారి 1953 అక్టోబరులో ద్వితీయశ్రేణి జట్టు తరఫున ఆడాడు. సాధారణంగా అటువంటి ఆటలకు జనం అంతగా రారు. ఆనాడు అతణ్ణి చూడడానికి సెంట్రల్ పార్క్ మైదానానికి ఎనిమిది వేల మందికి పైగా వచ్చారు. నవంబరులో ప్రధాన జట్టులో చేరాడు. ప్రధాన జట్టులో ఆరు ఆటలు ఆడేసరికే బ్రిటన్ జాతీయ జట్టుకు ఎంపికయ్యాడు. 1954 ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పర్యటనకు వెళ్లే జట్టు అది.

ఈ ఎంపిక ఎంత గొప్పదో తెలియాలంటే రాయ్ ఫ్రాన్సిస్ అనే మరొక వేల్స్ క్రీడాకారుణ్ణి తలచుకోవాలి. ఆయనా నల్లజాతివాడే, ఆయనా మొదట విగన్ క్లబ్బులో ఆడినవాడే. 1946లో బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు ఆయన పేరు జాబితాలో లేదు. శ్వేతేతరుల ప్రవేశాన్ని నిరోధించే విధానం ఆస్ట్రేలియాలో అప్పటికి అమలులో ఉన్నది. అతిథేయులకు ఇబ్బంది కలగరాదనే ఆయనను విడిచిపెట్టారన్నది చరిత్రకారుల అభిప్రాయం. మరుసటి సంవత్సరం స్వదేశంలో ఆయనను బ్రిటన్ తరఫున ఆడించారు. ఎనిమిదేళ్లు గడిచిన తరువాత పంతొమ్మిదేళ్ల బోస్టన్, ఆ పర్యటనకు వెళ్లిన తొలి శ్వేతేతర బ్రిటిష్ ఆటగాడిగా బయలుదేరాడు. పద్దెనిమిది ఆటలలో ముప్ఫైఆరు ట్రైలు చేశాడు. అంతకు ముందు ఏ పర్యటనలోనూ ఎవరూ అన్ని ట్రైలు చేసి ఉండలేదు. ఆక్లండ్‌లో న్యూజీలాండ్‌తో జరిగిన మొదటి టెస్టులోనే నాలుగు చేశాడు.

బోస్టన్ వింగర్. అంటే మైదానపు అంచున నిలబడి, చివరగా బంతి అందుకొని పరుగెత్తేవాడు. ఆ స్థానంలో సాధారణంగా సన్నగా, తేలికగా ఉండే వేగవంతులను నిలుపుతారు. ఆ కాలపు మరొక మహా వింగర్, వారింగ్‌టన్ క్లబ్బుకు ఆడిన ఆస్ట్రేలియా దేశీయుడు బ్రయన్ బెవన్ అటువంటివాడే. ఎదురు వచ్చినవాడికి అందకుండా తప్పించుకొనిపోవడం అతని విద్య. బోస్టన్‌కు తప్పించుకోవడమూ తెలుసు, ఢీకొనడమూ తెలుసు. భారీ దేహం, దానికి తగని వేగం. ట్యాకిల్ చేయవచ్చినవాణ్ణి చాచిన అరచేతితో తోసివేసేవాడు. లేదా వాని మీదుగానే దూసుకుపోయేవాడు. ఎదుటివాడికి ఆయన ఏ దారి ఎంచుకొంటాడో చివరి అడుగు వరకు అంతుపట్టేది కాదు. రక్షణలోనూ అంతే. తన అంచు విడిచి లోపలికి వచ్చి, బంతి అందుకుంటున్న ఆటగాణ్ణి బంతితో సహా పడగొట్టేవాడు. గురి తప్పితే వెనుక ఖాళీ స్థలం ప్రత్యర్థికి దొరుకుతుంది కాబట్టి అది ప్రమాదకరమైన పద్ధతి. శిక్షకులు శిష్యులకు నేర్పదగినది కాదు. ఆయనకు చెల్లింది.

1955లో విగన్‌కు వచ్చిన ఎరిక్ ఆష్టన్ ఆయన పక్కన సెంటర్ స్థానంలో ఆడాడు. తరువాత జట్టు నాయకుడయ్యాడు. సరైన క్షణంలో, సరైన ఎత్తులో బంతి అందించే ఆష్టన్ లేకుంటే బోస్టన్ ట్రైలలో కొన్నయినా తగ్గేవనడంలో సందేహం లేదు. ఒకే ఆటలో ఏడేసి ట్రైలు చేసిన సందర్భాలు బోస్టన్‌కు రెండు ఉన్నాయి.

1957లో జరిగిన ఒక సంఘటన ఆయన జీవితకథలో అంకెలన్నిటి కంటె ముఖ్యమైనది. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. బోస్టన్ బ్రిటన్ జట్టులో ఆడాడు. తిరుగు ప్రయాణంలో బ్రిటన్, ఫ్రాన్స్ జట్లు దక్షిణాఫ్రికాలో దిగి కొన్ని ప్రదర్శన ఆటలు ఆడాలని ముందే ఏర్పాటు జరిగింది. అక్కడ వర్ణవివక్ష చట్టబద్ధమైన పాలనావిధానం. తెల్లవారితో కలిసి నల్లవాడు ఒకే మైదానంలో ఆడడానికి వీలులేదు. ఆటలు రద్దు కాలేదు. బోస్టన్ ఒక్కడే విమానంలో ఇంటికి వచ్చేశాడు. సహచరులు దక్షిణాఫ్రికాలో ఆడారు.

ఇందులో దక్షిణాఫ్రికా ప్రభుత్వపు దోషం స్పష్టమే. దాని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. తమ జట్టులోని ఉత్తమ ఆటగాళ్లలో ఒకణ్ణి గుమ్మం దగ్గర ఆపివేసిన ఇంటిలోకి మిగిలినవారిని పంపిన నిర్వాహకుల సంగతి ఆలోచించదగినది. కూలివాడి హక్కు కోసం పుట్టిన ఆట అది. బోస్టన్‌కు తన స్వస్థలం ఇవ్వని అవకాశాన్ని ఇచ్చిన ఆట అది. అదే ఆట ఆ రోజున ఆయన పక్కన నిలబడలేదు. లీగ్ చరిత్రను ప్రశంసాపూర్వకంగా వ్రాసేవారు 1895ను మరువరు. 1957ను కూడా మరువరాదు.

దీనికి పక్కనే మరొక విషయం చూడాలి. అదే 1957లో దక్షిణాఫ్రికా యూనియన్ జాతీయ జట్టు వింగర్, శ్వేతజాతీయుడు టామ్ వాన్ వోలెన్‌హోవెన్, విగన్‌కు పొరుగునే ఉన్న సెయింట్ హెలెన్స్ క్లబ్బులో వృత్తి ఆటగాడుగా చేరాడు. ఆ రెండు పట్టణాల మధ్య వైరం తరతరాలది. ఆ విధంగా బోస్టన్‌ను రానివ్వని దేశపు వింగరూ, బోస్టనూ లాంకషైర్ మైదానాలలో ఏళ్ల తరబడి ఎదురెదురుగా ఆడారు. 1961 ఛాలెంజ్ కప్పు తుదిపోటీలో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో తొంభై నాలుగు వేల మందికి పైగా ప్రేక్షకుల ఎదుట ఈ రెండు జట్లూ తలపడ్డాయి. వోలెన్‌హోవెన్ చేసిన ట్రై ఆ పోటీలోని మరపురాని ఘట్టం. సెయింట్ హెలెన్స్ 12-6 తేడాతో గెలిచింది.

విగన్ ఓడిన తుదిపోటీలతో పాటు గెలిచినవీ ఉన్నాయి. బోస్టన్ ఆరు ఛాలెంజ్ కప్పు తుదిపోటీలలో ఆడాడు. 1958, 1959, 1965 సంవత్సరాలలో విజయం లభించింది. 1960 ఛాంపియన్‌షిప్ తుదిపోటీలో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఒడ్సాల్ మైదానంలో ఎనభై వేలకు పైగా జనం చూస్తుండగా విగన్ 27-3 తేడాతో వేక్‌ఫీల్డ్‌ను చిత్తు చేసింది. అదే సంవత్సరం ప్రపంచ కప్పు గెలిచిన బ్రిటన్ జట్టులోనూ బోస్టన్ ఉన్నాడు. బ్రిటన్ తరఫున మొత్తం 31 టెస్టులు, 24 ట్రైలు.

1968లో ఆయన విగన్ జట్టుకు చివరి ఆట ఆడాడు. కొంతకాలం బ్లాక్‌పూల్ బరో జట్టుకు ఆడి 1970లో విరమించాడు. విగన్‌కు 488 ఆటలలో 478 ట్రైలు చేశాడు. ఆ క్లబ్బు చరిత్రలో అంతకు మించి చేసినవారు లేరు. మొత్తం వృత్తిజీవితంలో 564 ఆటలు, 571 ట్రైలు. బ్రిటన్‌లో లీగ్ ఆడినవారిలో ఆయన కంటె ఎక్కువ ట్రైలు చేసినవాడు 796 ట్రైల బ్రయన్ బెవన్ ఒక్కడే.

ఈనాటి వృత్తి క్రీడాకారులకు లభించే ధనరాశులను మనసులో పెట్టుకొని ఈ జీవితాన్ని ఊహించరాదు. ఆనాటి లీగ్ ఆటగాళ్లలో అధికభాగం వారమంతా ఏదో ఒక ఉద్యోగమో కూలిపనో చేసుకొని, సాయంత్రాలు సాధన చేసి, వారాంతంలో ఆడేవారు. గెలిస్తే ఒక మొత్తం, ఓడితే అంతకంటె తక్కువ మొత్తం ముట్టేది. సంతకం నాటి సొమ్మే చాలామందికి జీవితంలో చూసిన పెద్ద సొమ్ము. ఆట విరమించిన తరువాత బోస్టన్ సెంట్రల్ పార్క్ మైదానానికి సమీపంలోనే గ్రిఫిన్ అనే పానశాల నడుపుకొన్నాడు. కార్డిఫ్‌కు తిరిగి వెళ్లలేదు. విగన్ అమ్మాయినే వివాహమాడి ఆ ఊరివాడై స్థిరపడ్డాడు.

1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ తానే వృత్తి క్రీడగా మారింది. నూరేళ్ల క్రితం ఆరు షిల్లింగులు నేరమన్నవారు ఆటగాళ్లకు బహిరంగంగా వేతనాలు ఇవ్వసాగారు. లీగ్ ఆటగాళ్లపై విధించిన వెలి తొలగిపోయింది. అప్పటికి బోస్టన్ వయస్సు అరవైఒకటి.

గౌరవాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1988లో రగ్బీ లీగ్ ప్రముఖుల తొలి జాబితాలో ఆయన పేరు చేర్చారు. 1996లో ఎం.బి.ఇ. పురస్కారం లభించింది. 2016లో విగన్ పట్టణం నడిమధ్య ఆయన విగ్రహం నెలకొల్పారు. ఆయన స్మృతిభ్రంశ వ్యాధికి లోనైన విషయం ఆ ఏడాదే కుటుంబసభ్యులు వెల్లడించారు. జన్మస్థలం మాత్రం మరికొంత ఆలస్యం చేసింది. 2023 జులైలో కార్డిఫ్ రేవు ప్రాంతంలో మూడు మూర్తుల విగ్రహసముదాయం ఆవిష్కృతమైంది. బోస్టన్‌తో పాటు అందులో ఉన్నవారు గస్ రిస్మన్, క్లైవ్ సలివాన్. రిస్మన్ లాట్వియా నుంచి వలస వచ్చిన దంపతుల కుమారుడు. క్లైవ్ సలివాన్ 1972లో బ్రిటన్ జట్టుకు నాయకత్వం వహించి ప్రపంచ కప్పు గెలిపించిన నల్లజాతి క్రీడాకారుడు. ముగ్గురూ కార్డిఫ్‌లో పుట్టినవారే. ముగ్గురూ ఉత్తర ఇంగ్లండుకు వెళ్లి పేరు తెచ్చుకొన్నవారే.

2025 జూన్ 10న బకింగ్‌హామ్ రాజభవనంలో మూడవ చార్లెస్ రాజు బిల్లీ బోస్టన్‌కు ‘సర్’ బిరుదు ప్రదానం చేశాడు. అప్పటికి ఆయన వయస్సు తొంభై ఏళ్లు. రగ్బీ లీగ్ పుట్టిన నూట ముప్ఫై సంవత్సరాలలో ఆ బిరుదు పొందిన మొదటి ఆటగాడు ఆయనే. యూనియన్ ఆడినవారిలో పలువురికి అది అప్పటికే లభించింది. వేల్స్ యూనియన్ జట్టులో ఆడిన గారెత్ ఎడ్వర్డ్స్‌కు 2015లోనే వచ్చింది.